మట్టం మేస్త్రీ, డొల్ల టైలూ

కొత్తగా వేసిన నేల మీద గాజుగోళీ పెట్టి చెయ్యి తీసేస్తే, అది పెట్టినచోటే నిలబడాలి. ఊళ్ళో టైల్స్ వేసేవాళ్ళు యాభైమంది ఉంటే, పని అయ్యాక జేబులోంచి గోళీ తీసి ఇంటివాళ్ళ కళ్ళముందు ఆ పరీక్ష పెట్టే ధైర్యం ఒక్కడికే ఉండేది. అందుకే అతన్ని అందరూ మట్టం మేస్త్రీ అన్నారు. కన్నవాళ్ళు పెట్టిన పేరు కాగితాల్లో మిగిలింది, మనుషుల నోళ్ళలో మిగల్లేదు.

కొన్నాళ్ళకి గోళీ నిలబడుతూనే ఉంది గాని, మేస్త్రీ నిలబడటం మానేశాడు.

అతని సంచిలో రసమట్టం ఉంటుంది. మూరెడు పొడుగు బద్ద, మధ్యలో గాజుగొట్టం, అందులో పచ్చటి ద్రవం, ద్రవంలో ఒక బుడగ. బుడగ రెండు గీతల మధ్య ఆగితే నేల సరిగ్గా ఉన్నట్టు. దాన్ని చూపించి భార్య ఒకరోజు అంది: "మనింట్లో రసమట్టాలు రెండున్నాయయ్యా. ఒకటి నీ సంచిలో, ఒకటి నీ కడుపులో. సంచిలోదానికైనా బుడగ ఒకచోట ఆగుతుంది."

ఆమె ఆస్పత్రి దుప్పట్లు ఉతికే లాండ్రీలో పెద్ద ఇస్త్రీ యంత్రం దగ్గర పనిచేస్తుంది. సాయంత్రం అయిదు నుంచి తొమ్మిది దాకా షిఫ్టు. మేస్త్రీ మందు మానేసిన రోజున ఆమె సెలవు పెట్టింది. అతను పని ముగించుకుని వచ్చేదీ అయిదింటికే. ఆ వేళకి వీధి మలుపులో ఉన్న మందుకొట్టుకీ అతనికీ మధ్య కుర్చీ వేసుకుని కూర్చునేది. అలా నలభై రోజులు. డాక్టర్లు మందు బిళ్ళలిచ్చారు, మంచిమాటలు చెప్పారు, బరువు చూశారు. నలభై రోజులు అతన్ని నిలబెట్టింది మాత్రం ఆ కుర్చీ.

నలభయ్యో రోజు, సోమవారం, ఆమె కుర్చీ మడతపెట్టి గోడకి ఆనించింది.

"లాండ్రీవాళ్ళు పైసోమవారం నుంచి రమ్మన్నారు. రాకపోతే వేరేవాళ్ళని పెట్టుకుంటారట. కుక్కనైనా ఇన్నాళ్ళు ఒకచోట కట్టేస్తే మొరుగుతుంది. నేను మొరగలేదు."

"మొరగలేదా?"

"తక్కువ మొరిగాను. పైవారం నుంచి ఆ నాలుగు గంటలూ నిన్ను ఎవరికి అప్పజెప్పను?"

"నేనేమన్నా చంటిపిల్లాణ్ణా?"

"చంటిపిల్లాడివైతే నోట్లో సీసా పెట్టి వెళ్ళేదాన్ని. నీతో ఆ సుఖం కూడా లేదు."

మేస్త్రీ నవ్వబోయి ఆగిపోయాడు. ఆమె నవ్వడం లేదు. అయిదు నుంచి తొమ్మిది దాకా ఒంటరి ఇల్లు, గోడకి ఆనించిన కుర్చీ, మలుపులో కొట్టు. తన సంగతి తనకన్నా బాగా ఎవరికి తెలుసు? మొదటి రోజే పడిపోతాడు. రెండో రోజు కూడా అక్కర్లేదు.

ఆస్పత్రిలో ఇచ్చిన కాగితం ఒకటి అతని పనిసంచిలో తాపీ కింద నలిగి ఉంది. తాగుడు మానుకున్నవాళ్ళు కలిసి కూర్చుని మాట్లాడుకునే చోట్లు, మూడు. వేళలూ, చిరునామాలూ. నలభై రోజులుగా దాన్ని సిమెంటు గీరడానికి కూడా బయటికి తియ్యలేదు. ఆ సాయంత్రం తీశాడు.

మంగళవారం మొదటి చోటికి వెళ్ళాడు. ఏదో సంఘం వాళ్ళ పెద్ద హాలు. నేలంతా మెరిసే నల్లరాయి, అద్దంలా ఉంది, తొంగిచూస్తే నీ మొహం నీకే కనిపించి సిగ్గేస్తుంది. మైకు ఉంది. ఇస్త్రీ చొక్కా వేసుకున్న పెద్దమనిషి ఒకాయన తాను మానేసి పదకొండేళ్ళయిందని మొదలుపెట్టి నలభై నిమిషాలు మాట్లాడాడు. ఆయన తాగుడు కూడా ఇస్త్రీ చేసినట్టే ఉంది, ఎక్కడా ఒక్క ముడతలేదు. ఇంకెవరూ మాట్లాడలేదు. అందరూ చప్పట్లు కొట్టారు. కొంతమందికి పశ్చాత్తాపం కూడా పదవి లాంటిదే, ఎక్కాక దిగమంటే దిగరు. మేస్త్రీ తలవంచుకుని నల్లరాయి అతుకులు చూస్తూ కూర్చుని, తలవంచుకునే బయటికి వచ్చేశాడు.

గురువారం రెండో చోటు. లారీలు బాగుచేసే షెడ్డు వెనక గది. అక్కడ మైకు లేదు, మొహమాటమూ లేదు. ఒకడు రోజుకు రెండు సీసాలు తాగేవాణ్ణన్నాడు. పక్కవాడు "రెండేనా? నేను పళ్ళు తోముకునేటప్పుడే ఒకటి" అన్నాడు. మూడోవాడికి పౌరుషం వచ్చింది. పాత కుస్తీవీరులు తాము పడగొట్టినవాళ్ళ గురించి చెప్పుకుంటున్నట్టు కళ్ళు మెరిపిస్తూ చెప్పుకున్నారు. ఏ బ్రాండు గొంతులోంచి ఎలా దిగుతుందో ఒకాయన వర్ణిస్తుంటే గది మొత్తం గుటకలు మింగింది. అక్కడ కూర్చున్న గంటన్నరలో మేస్త్రీకి వేసినంత దాహం నలభై రోజుల్లోనూ వెయ్యలేదు. మందుకొట్టు ఎదురుపడకుండా నాలుగు వీధులు చుట్టుతిరిగి ఇల్లు చేరాడు.

"వచ్చావా?" అంది భార్య.

"ఊఁ."

"ఎలా ఉంది ఇవాళ?"

"సిమెంటు నేల. బీటలిచ్చింది."

మర్నాడు పనిలో ఈ మాట విని బావమరిది పడీపడీ నవ్వాడు. అతనే మేస్త్రీకి టైల్స్ అందించేది, సిమెంటు కలిపేది, తాగిన రోజుల్లో ఇంటికి మోసుకొచ్చిందీ అతనే.

"బావా, నువ్వు మీటింగులకి పోతున్నావా, నేలలకి మార్కులెయ్యడానికి పోతున్నావా?"

"తల ఎత్తితే మనుషులు కనిపిస్తార్రా."

"మనుషుల కోసమే కదా పొమ్మన్నారు!"

మేస్త్రీ కొత్తగా పరిచి ఆరిన వరస దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని, రబ్బరు సుత్తి తిరగేసి, చెక్క పిడితో ఒక్కో టైలునీ తట్టాడు. అది టైల్స్ పనిలో ఆఖరి ఘట్టం. కింద సిమెంటు నిండుగా పట్టి ఉంటే 'టక్' అంటుంది. ఎక్కడైనా ఖాళీ ఉంటే 'డబ్' అంటుంది. దాన్నే డొల్ల అంటారు. పైకి రెండూ ఒకేలా మెరుస్తాయి. కంటికి దొరకదు, చెవికి దొరుకుతుంది. మట్టం మేస్త్రీ చెవికైతే పక్కగదిలోంచి కూడా దొరికేది.

మూడో చోటు శనివారం. పాత పోస్టాఫీసు భవనం, మొదటి అంతస్తు, అయిదున్నర. కాగితం మీద ఇంకేం లేదు. ఇదీ కాకపోతే సోమవారం దాకా మిగిలేది ఒక్క ఆదివారమే.

ఇక్కడే అతను తప్పులో కాలేశాడు. చదువుకున్నవాళ్ళ లెక్కలో మెట్లెక్కితేగాని మొదటి అంతస్తు రాదు. టైల్స్ వేసేవాళ్ళ లెక్క వేరు. పునాది మీద పరిచేదే వాళ్ళకి మొదటి నేల. టైల్స్ పెట్టెలు ముందుగా దిగేదీ, దారం ముందుగా కట్టేదీ అక్కడే. ఇరవై రెండేళ్ళుగా అలాగే లెక్కపెట్టినవాడు ఆవేళ మాత్రం ఎందుకు మారుస్తాడు? మెట్ల వైపు చూడనైనా చూడకుండా కింద గదిలోకి నడిచి, గోడవారగా ఉన్న కుర్చీలో కూర్చున్నాడు.

కూర్చున్నాక చూస్తే చుట్టూ పదిమంది దాకా ఉన్నారు, అందరూ ఆడవాళ్ళే. మూలన ఒక ముసలాయన మాత్రం చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని ఉన్నాడు. మేస్త్రీకి మతిపోయింది. ఇంతమంది ఆడవాళ్ళు తాగుతున్నారా ఈ ఊళ్ళో? ఎక్కడ తాగుతున్నారు? తనకెప్పుడూ కనబడలేదే! వాళ్ళని చూస్తే తాగే మొహాలు కావు. అయినా తనని చూసి మాత్రం ఎవరనుకున్నారు?

కళ్ళజోడు పెట్టుకున్న ఒకావిడ మాట్లాడుతోంది. ఎవర్నీ చూడకుండా, తన చేతులతో తానే చెప్పుకుంటున్నట్టు మాట్లాడుతోంది.

"ఏడు నెలలైంది మానేసి. అంతా బాగుంది, బాగుందనే చెబుతున్నాను అందరికీ. కానీ ఆ తాళంచెవి ఉంది చూశారూ... తలుపులో తాళంచెవి పడే చప్పుడు. ఒక్కసారికే పడితే ఏమీలేదు, మామూలుగా వచ్చినట్టు. రెండుసార్లు గీరుకుంటే ఒక గ్లాసు. చేజారి కిందపడిందంటే పిల్లల్ని లోపలి గదిలోకి పంపేసేదాన్ని. పొయ్యి మీద ఏముందో కూడా మర్చిపోయి ఆ చప్పుడే వినేదాన్ని. ఇప్పుడు రోజూ ఒక్కసారికే పడుతోంది. ఏడు నెలలుగా ఒక్కసారికే పడుతోంది. అయినా నా చెవి ఇంకా తలుపు దగ్గరే నిలబడి ఉంది. దాన్ని ఇంట్లోకి ఎలా పిలవాలో తెలీడంలేదు."

మేస్త్రీ తల ఎత్తాడు. నాలుగు రోజుల్లో మొదటిసారి నేల మీంచి చూపు తీసి ఒక మనిషి మొహంలోకి చూశాడు.

వచ్చావా? ఎలా ఉంది ఇవాళ? ఎన్ని గదులయ్యాయి? పదహారేళ్ళుగా భార్య గుమ్మంలోనే అడిగే ప్రశ్నలు. తన పనంటే ఆమెకి అంత ఆసక్తి అనుకుని ఒకప్పుడు మురిసిపోయేవాడు కూడా. ఆమెకి గదుల లెక్క ఎందుకు? ఆమె సుత్తి తిరగేసి తడుతోంది. 'ఊఁ' అన్న ఒక్క అక్షరంలో ఎక్కడ నిండుగా ఉందో ఎక్కడ డొల్లో వింటోంది. ఊళ్ళోకెల్లా గొప్ప చెవి తనదేనని విర్రవీగాడు ఇన్నాళ్ళూ. అంతకన్నా పదునైన చెవి తన ఇంట్లోనే ఉంది. దానికి ఆ పదును పెట్టింది తనే.

అతనికి భయమేసింది. అలాంటి భయం అతనికి కొత్త. పెద్ద భవనం కింద నిలబడి మెడ వెనక్కి వాల్చి పైకి చూస్తే కలుగుతుందే, అలాంటిది.

కళ్ళజోడావిడ ముగించింది. మీటింగు నడిపిస్తున్న టీచరమ్మ, నెరిసిన జుట్టావిడ, పెన్నుని సుద్దముక్కలా పట్టుకుని అతని వైపు తిరిగింది.

"కొత్తగా వచ్చారు. మీకెవరండీ?"

"నాకా?"

"అదే, మీ ఇంట్లో ఎవరు తాగేది? అన్నయ్యా, కొడుకా?"

"నేనేనండీ."

ముందు మూలనున్న ముసలాయన కిసుక్కుమన్నాడు. ఆ తర్వాత కళ్ళజోడావిడ. ఆ తర్వాత గది మొత్తం. అందులో ఎగతాళి లేదు, చాలాకాలంగా నవ్వనివాళ్ళ నవ్వది, కొందరికి కళ్ళమ్మట నీళ్ళు వచ్చేశాయి.

"అయితే పైకి వెళ్ళాలి తమ్ముడూ," అంది టీచరమ్మ కళ్ళు తుడుచుకుంటూ. "ఇది తాగేవాళ్ళ ఇంట్లోవాళ్ళది. నువ్వు కూర్చున్న కుర్చీ మీ ఆవిడది."

అతను ఆ కుర్చీలోంచి గబుక్కున లేచాడు, కాలిందన్నట్టు. గుమ్మం దగ్గర ఆగి, కళ్ళజోడావిడకి చేతులు జోడించి మెట్లవైపు నడిచాడు.

పద్దెనిమిది మెట్లు. పైన తలుపు ఓరగా తెరిచి ఉంది. లోపల ఎవరో మాట్లాడుతున్నారు. ఇంటికి పోదామా అనిపించింది. ఇవాళ్టికి విన్నది చాలు, అదే బరువుగా ఉంది. తొంగిచూసి పోదామని గుమ్మంలో ఒక కాలు పెట్టాడు.

డబ్.

లోపల మాటలు టక్కున ఆగిపోయాయి. ఏడెనిమిది గొంతులు ఒక్కసారిగా అన్నాయి:

"రండి!"

ఇక ఎక్కడికి పోతాడు? పోయాడు, లోపలికే. పొడుగుబల్ల చుట్టూ ఏడుగురు. ఎవరూ అతన్ని ఎగాదిగా చూడలేదు. ఒకావిడ పక్కకుర్చీ లాగింది. బల్ల చివర ఖాకీ ప్యాంటు వేసుకున్న పెద్దాయన, బస్సు కండక్టరుగా చేసి రిటైరైన మనిషి, చేత్తోనే కూర్చోమని సైగ చేశాడు.

"కూర్చో తమ్ముడూ. టికెట్టు అక్కర్లేదు."

ఆగిన గొంతు ఆగినచోటి నుంచే మళ్ళీ అందుకుంది. ఎవరో తన అన్న పెళ్ళికి రెండు గంటలు ఆలస్యంగా వెళ్ళడం గురించి. మేస్త్రీ అలవాటు చొప్పున తల దించాడు. నేల చూశాడు.

చూసి, కుర్చీ అంచు పట్టుకున్నాడు.

ముందు కంటికి తగిలింది వరస. గుమ్మం నుంచి మూడో వరస గోడకి పోయేసరికి అరవేలు పక్కకి జారింది. తర్వాత గది మధ్యలో ఉన్న స్తంభం. స్తంభం చుట్టూ టైలు కొయ్యాల్సివస్తే ఎవరైనా రెండు ముక్కలు చేసి అతికిస్తారు. ఒకే పలకని మూడుపక్కలా కోసి స్తంభానికి తొడిగినట్టు దూర్చేవాడు ఈ ఊళ్ళో ఒక్కడే. కోతలో విరిగితే పలక పోతుంది, అందుకే ఇంకెవరూ సాహసించరు. ఇక్కడ స్తంభానికి ఒకే పలక తొడిగి ఉంది.

అతని చేతిరాత అది.

ఈ భవనం గుర్తులేదు. ఈ మెట్లు గుర్తులేవు. ఆరేళ్ళ కిందటి సంవత్సరం మొత్తం అతనికి గుర్తులేదు. ఆ ఏడాది వేసిన నేలలేవో ఊరంతా పడి ఉన్నాయి, వాటి మీద ఎవరెవరో నడుస్తున్నారు. కానీ గుమ్మం దగ్గరి ఆ చప్పుడు... అది మాత్రం గుర్తుంది. ఒళ్ళంతా గుర్తుంది.

మాట్లాడుతున్నతను ముగించాడు. కండక్టరు మేస్త్రీ వైపు చూసి, చెప్పాలనిపిస్తేనే చెప్పు, వినడానికైనా వచ్చావు చాలు అన్నాడు.

"ఆ గుమ్మం దగ్గర టైలు..." అన్నాడు మేస్త్రీ.

బల్ల చుట్టూ అందరి మొహాల్లోనూ ఒకేరకం నవ్వు వచ్చింది, ఇంట్లో ముద్దుచేసే పిల్లి గురించి ఎవరో అడిగినట్టు.

"అది మా బెల్లు," అన్నాడు కండక్టరు. "పాతవాళ్ళం దాన్ని దాటి వస్తాం. అలవాటైపోయింది. అది మోగిందంటే కొత్త మనిషి వచ్చినట్టు. ఎవరు ఏం చెబుతున్నా ఆపేసి రమ్మంటాం. ఇక్కడున్న రూలు అదొక్కటే."

కుర్చీ లాగిన ఆవిడ, ఆస్పత్రిలో నర్సు, అందుకుంది. "నేను మూడుసార్లు గుమ్మం దాకా వచ్చి వెనక్కి పోయాను తెలుసా? మందుల గదిలో పనిచేసే నేను, నలుగురికీ జాగ్రత్తలు చెప్పే నేను, ఏ మొహం పెట్టుకుని వస్తాను? నాలుగోసారీ వెనక్కి తిరిగేదాన్నే. తిరగబోతే కాలు దాని మీద పడింది. లోపల్నించి రండి అన్నారు. పిలిచాక పోతే మర్యాద కాదు కదా అని వచ్చాను. నాలుగేళ్ళయింది."

"నాదీ అంతే," అన్నాడు ఒకతను.

"నేను దాని మీద నిలబడి తూలాను. మందు వల్లా టైలు వల్లా ఇప్పటికీ తెలీదు," అన్నాడు ఇంకొకతను.

"భవనం వాళ్ళు ఒకసారి మనిషిని పంపించారు బాగుచెయ్యమని," అన్నాడు కండక్టరు. "టీ ఇచ్చి వెనక్కి పంపేశాం."

మేస్త్రీ నోరు తెరిచాడు. రెండు మీటింగుల్లో తెరవని నోరు. తాగుబోతునని ఎలా మొదలుపెట్టాలో, ఎంత తాగేవాడో ఎలా చెప్పాలో నాలుగు రోజులుగా దారి పొడుగునా అప్పజెప్పుకుంటూనే ఉన్నాడు. అదంతా ఎటు పోయిందో పోయింది.

"అది వేసింది నేనే," అన్నాడు.

ఎవరికీ అర్థం కాలేదు.

"ఆరేళ్ళ కిందట ఈ గది నేల నేను వేశాను. తాగి వేశాను. టైలు కింద సిమెంటు నిండా పరవాలి. నేను మధ్యలో నాలుగు ముద్దలు పెట్టి నొక్కేశాను. మూలలన్నీ ఖాళీ. ఎప్పుడు వచ్చానో ఎప్పుడు పోయానో గుర్తులేదు. కానీ అది ఆఖరి టైలు. తట్టి చూశాను. డబ్ అంది." అతను ఆగి ఊపిరి తీసుకున్నాడు. "విన్నాను. తెలియక కాదు. విన్నాను. విని, సంచి సర్దుకుని, కొట్టు కట్టేస్తారని లేచిపోయాను. జేబులో గోళీ ఉంది. ఆ రోజు బయటికి తియ్యలేదు."

కింద గదిలో కుర్చీలు సర్దుతున్న చప్పుడు ఆ నేల మీదుగానే పైకి వినిపిస్తోంది. నర్సు గుమ్మం వైపు తల తిప్పి ఆ టైలు వంక చూసింది, నాలుగేళ్ళుగా చూడని దాన్నేదో చూస్తున్నట్టు. ఒకరి తర్వాత ఒకరు అందరూ చూశారు. మామూలు బూడిదరంగు పలక. అంచున చిన్న పెచ్చు లేచింది.

ఇరవై రెండేళ్ళలో అతను వేసిన వందల నేలల మీద గోళీలు నిలబడ్డాయి. ఒక్క మనిషి కూడా ఆగి 'ఆహా' అనలేదు. సరిగ్గా ఉన్న నేలని ఎవరూ చూడరు. అతను సిగ్గుపడాల్సిన ఈ ఒక్క పలక ఆరేళ్ళుగా గుమ్మంలో కూర్చుని, వెనక్కి తిరగబోయిన ప్రతివాడి కాలూ పట్టుకుని లోపలికి లాగింది. దీన్ని ఏమనాలో అతనికి తెలీలేదు. దయ అనే మాట మీద అతనికి పెద్ద నమ్మకం లేదు. అది ఎక్కువగా పైమెట్టు మీదివాళ్ళే వాడతారు. కానీ ఇది ఎవరూ పైనుంచి విసిరింది కాదు. తన చేత్తో తను చెడగొట్టింది, ఇంకెవరో కాళ్ళతో నడిచీ నడిచీ బాగుచేసుకున్నారు.

కండక్టరు గొంతు సవరించుకున్నాడు.

"ఆరేళ్ళ కిందటే వచ్చి నీ బెల్లు నువ్వే పెట్టుకుని పోయి, ఇంత ఆలస్యంగానా రావడం?"

అప్పుడు నవ్వారు. మేస్త్రీ కూడా నవ్వాడు. నర్సు టీకప్పు అతని ముందుకి జరిపింది. అతను అందుకున్నాడు. టీ సాసరులోకి ఒలికింది. ఎవరూ పట్టించుకోలేదు. ఆ బల్ల మీద సాసర్లన్నీ అలాగే ఉన్నాయి.

కాసేపటికి అతనిలో మేస్త్రీ మేలుకున్నాడు. "పీకి మళ్ళీ వేస్తాను. పూటపని," అన్నాడు.

గదిలో గోల. "బెల్లు పీకుతావా?" "కొత్తవాళ్ళు వచ్చినట్టు ఎలా తెలుస్తుంది?" "వద్దంటే వద్దు!"

అతను లేచి గుమ్మం దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని వేలికణుపుతో తట్టాడు. డొల్ల టైలు పక్కది. దాని పక్కది. చెవి వంచి విన్నాడు.

"ఇవి రెండూ కూడా పట్టు వదిలేశాయి. డొల్ల ఒకచోట ఆగదు. దుమ్మూ తేమా చేరి పక్కదాన్ని లేపుతుంది, అది దాని పక్కదాన్ని. ఇంకో ఏడాదికి వరస మొత్తం లేస్తుంది."

"అది మాకు తెలీదా?" అంది నర్సు మెల్లగా. ఈసారి ఎవరూ నవ్వలేదు.

చేతులెత్తి ఓట్లేసి తేల్చారు. పక్కవి రెండూ పీకి గట్టిగా వెయ్యాలి. బెల్లు బెల్లులాగే ఉండాలి.

"సోమవారం రాగలవా?" అన్నాడు కండక్టరు. "నేను అయిదింటికే వచ్చి తలుపు తీస్తాను. మీటింగు అయిదున్నరకి. రోజూ ఉంటుంది."

"రోజూనా? కాగితంలో శనివారం అని ఉంది."

"కాగితానికేం తెలుసు? తాగుడుకి సెలవుందా? తొమ్మిదింటిదాకా ఎవరో ఒకరం ఇక్కడే ఉంటాం. పనుంటే ముందే రావచ్చు, నాలుగింటికైనా..."

"వద్దన్నా," అన్నాడు మేస్త్రీ తొందరగా. "అయిదు. అయిదైతే బాగుంటుంది."

అతను ఇల్లు చేరేసరికి ఇంకా ఏడున్నర కాలేదు. తాళంచెవి ఒక్కసారికే పడింది. ఆ చప్పుడు తను కూడా విన్నాడు.

"వచ్చావా?" అంది లోపల్నించి భార్య.

ఎప్పటిలా 'ఊఁ' అనబోయి ఆగాడు. గుమ్మంలోనే నిలబడి, వినేవాళ్ళకి వీలుగా, తొణక్కుండా, పూర్తిగా చెప్పాడు. "వచ్చాను. పోస్టాఫీసు నుంచి నడిచే వచ్చాను. దారిలో ఎక్కడా ఆగలేదు. టీ తాగాను. సగం ఒలికింది."

ఆమె వంటగది గుమ్మంలోకి వచ్చి చూసింది. "ఏమైంది నీకు? ఏదీ, ఇంకోసారి మాట్లాడు."

"ఎన్నిసార్లంటే అన్నిసార్లు మాట్లాడతాను. విను."

"దొరికిందా చోటు?"

"దొరికింది."

"మనుషులు మంచివాళ్ళేనా?"

"బాగానే ఉన్నారు. నేల మాత్రం బాగాలేదు."

"మొదలెట్టావూ! ఎవడు వేశాడో పాపం."

"నేనే."

ఆమె చేతిలోని గరిటె అలాగే ఉండిపోయింది. అతను గోడకి ఆనించిన ఆ కుర్చీని విప్పి ఆమెని కూర్చోబెట్టి, మొదటి నుంచి చెప్పాడు. కింద గదీ, తాళంచెవీ, 'మీకెవరు' అంటే 'నేనే' అనడమూ అన్నీ. ఆమె నవ్వింది, మధ్యలో నవ్వాపింది, పొయ్యి కట్టేసి వచ్చి మళ్ళీ కూర్చుంది.

"అయితే సోమవారం నేను లాండ్రీకి పోవచ్చా?"

"పో. పోయేటప్పుడు నీ చెవి కూడా తీసుకుపో. ఇంట్లో తలుపు దగ్గర వదిలెయ్యకు." కాస్త ఆగి అన్నాడు. "కింద గదిలో నీకో కుర్చీ ఉందట."

"నాకెందుకు? నేనేమన్నా తాగానా?"

"నేనూ అలాగే అనుకున్నాను, ఇన్నాళ్ళూ," అన్నాడు మేస్త్రీ.

సోమవారం మేస్త్రీ పని తొందరగా ముగించుకొచ్చాడు. సాయంత్రం నాలుగున్నరకి ఆమె లాండ్రీకి బయల్దేరింది. వీధి మలుపు దాకా ఇద్దరూ కలిసి నడిచారు. మలుపులో ఆమె ఎడమకి తిరిగింది, మందుకొట్టు వైపు చూడలేదు, అతని వైపూ చూడలేదు. అది ఆమెకి ఎంత కష్టమైందో ఆమె మెడ చూస్తే తెలిసింది. అతను సంచి భుజం మార్చుకుని కుడికి తిరిగాడు.

అయిదు కొట్టేసరికి పద్దెనిమిది మెట్లూ ఎక్కాడు. సంచిలో తాపీ, సుత్తి, రసమట్టం, రెండు బూడిదరంగు పలకలు. జేబులో గోళీ. గదిలో కండక్టరు ఒక్కడే అటు తిరిగి కప్పులు కడుగుతున్నాడు.

డబ్.

"రండి!" అన్నాడు కండక్టరు వెనక్కి తిరక్కుండానే. తర్వాత తిరిగి చూశాడు. "ఓహో, నువ్వా! దాటి రావాలని చెప్పాను కదయ్యా. పాతవాడివైపోయావు."

"లేదన్నా," అన్నాడు మట్టం మేస్త్రీ సంచి దించి మోకాళ్ళ మీద కూర్చుంటూ. "ఇవాళ కూడా కొత్తే."

సుత్తి తిరగేసి పట్టుకుని, పక్క పలక మీద చెక్కపిడితో ఒక్కటి తట్టి, చెవి వంచాడు.